పచ్చబొట్టు పొడిపించుకో, తొందరపడకు

అమ్మలూ,

అమ్మ గుర్తుగా టాటూ వేయించుకుంటానంటే మీ నాన్న కోప్పడ్డారనీ, నన్ను కాస్త నచ్చజెప్పమనీ రాశావు. పచ్చబొట్టు వద్దని నేనెందుకంటాను? మీ అమ్మమ్మ ముంజేతిమీద తులసికోట ఉండేది, పక్కనే చుక్కలు. ఊళ్ళోకి వచ్చిన ఎరుకలామె పొడిచిందట. సూదులు కలిపి కట్టి, దీపపు మసిలో ఆకు పసరు నూరి, పిల్ల ఏడవకుండా పాట పాడుతూ పొడిచి, పైన పసుపు అద్దేవారట. పోయేటప్పుడు బంగారమంతా ఒలుచుకుంటారు, ఇదొక్కటే వెంట వస్తుందని ఆ తరం ఆడవాళ్ళ నమ్మకం. అమ్మమ్మ పోయిన రోజున గాజులు తీసింది మీ అమ్మే. తీసి, ఆ తులసికోటమీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే కూర్చుంది. కాబట్టి నీకు పుట్టిన కోరిక ఎక్కడినుంచో ఊడిపడింది కాదు.

ఆదిలాబాద్ వైపు రాజ్‌గోండులకు పచ్చబొట్లు పొడిచేది తోటి అనే తెగ స్త్రీలు. ఆ తోటి మగవాళ్ళే కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ గోండుల పూర్వీకుల కథలు పాడతారు. ఇంట్లో ఒకరు పాటలో, ఒకరు ఒంటిమీద పెద్దల్ని నిలబెడుతున్నారన్నమాట. నాకు ఆ సంగతి ఎంత ఇష్టమో చెప్పలేను.

నన్ను కలతపెట్టింది నీ ఉత్తరంలో తర్వాత రాసిన మాటలు.

అస్థికలు గోదావరిలో కలిపిన రోజున కాస్త బూడిద చిన్న డబ్బాలో దాచుకున్నావని ఇప్పుడే తెలిసింది. దాన్ని రంగులో కలిపి పొడిపించుకుంటే అమ్మ నీ ఒంట్లోనే ఉంటుందనుకుంటున్నావు. విదేశాల్లో అలా చేయించుకునేవాళ్ళున్నారు, నిజమే. కానీ తల్లీ, అది చితి బూడిద. అందులో కట్టెల బూడిద ఉంటుంది, పిడకలది ఉంటుంది, నేలమీది ఇసుక కూడా ఉంటుంది. సూదితో చర్మం లోపలికి దింపే వస్తువు కాదు. అమ్మ నీ ఒంట్లో ఉండడానికి బూడిదెందుకు? నీ ఒళ్ళే ఆవిడ ఇచ్చింది. ఆ డబ్బా తీసుకురా. కోటిలింగాల రేవుకు ఇద్దరం వెళ్దాం, మిగిలింది కూడా కలిపేద్దాం.

ఇక గత జన్మలు చెప్పేచోట విన్న మాట. అమ్మ ఆత్మ శాంతి లేక తిరుగుతోందని, నీ భుజంమీద యంత్రం పొడిపిస్తేనే కుదురుకుంటుందని, పోయిన జన్మలో ఆవిడ నీ కూతురని చెప్పారట. రాత్రిళ్ళు వంటింట్లో గాజుల చప్పుడు వినపడుతోందని నువ్వు చెప్పగానే వాళ్ళు అందుకున్న మాట అది. 1971లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం డెవి రీస్ అనే వైద్యుడు వేల్స్‌లో భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని కూర్చోబెట్టి అడిగితే, దాదాపు సగం మంది పోయినవాళ్ళు పక్కనే ఉన్నట్టు అనిపిస్తోందనో, కనపడ్డారనో, మాట వినపడిందనో చెప్పారు. అందులో చాలామంది అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు. నువ్వు కనీసం నాకు చెప్పావు. నాకూ వినపడుతుందమ్మా. భయపడను. నా చెల్లెలికి నేనెందుకు భయపడాలి?

పన్నెండో రోజున సపిండీకరణం చేసి ఆవిడ పిండాన్ని పెద్దల పిండాల్లో కలిపారు, నువ్వక్కడే ఉన్నావు. ఆ తంతు ఉన్నదే అందుకు, పోయినవాళ్ళు ప్రేతంగా మిగిలిపోకుండా పితృదేవతల్లో చేరడానికి. దాన్ని నమ్మితే ఆవిడ తిరగడం లేదు. జన్మల్ని నమ్మినా ఎక్కడో ఎవరి ఒడిలోనో పాలు తాగుతూ ఉంటుంది గానీ నీ భుజంమీద యంత్రం కోసం కాచుకుని ఉండదు. బర్మాలో, థాయ్‌లాండ్‌లో ఒక ఆచారం ఉంది. పోయినవాళ్ళ ఒంటిమీద మసితో గుర్తు పెట్టి, తర్వాత అదే ఇంట పుట్టిన బిడ్డకు అక్కడ మచ్చ ఉందేమోనని చూసుకుంటారు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఇయాన్ స్టీవెన్‌సన్ పుట్టుమచ్చల మీద, పునర్జన్మ కథల మీద 1997లో రెండు సంపుటాలు అచ్చువేశాడు. మన ఇళ్ళల్లోనూ మచ్చ చూసి తాతే పుట్టాడని పేరు పెట్టుకుంటాం. అందులో ఎంత ఆశ ఉందో చూడు! ఆ ఆశలో భయం లేదు, డబ్బు బేరం లేదు. నిన్ను భయపెట్టి బొమ్మ అమ్మేవాళ్ళ దగ్గరికి మాత్రం మళ్ళీ వెళ్ళకు, నా మాట విను.

వేయించుకుంటే అమ్మ చేతిరాత వేయించుకో. మొహం వద్దు, వయసుతో నీ చర్మం మారితే ఆ మొహమూ మారుతుంది. కిరాణా చీటీలన్నీ నా దగ్గరున్నాయి. జీలకర్ర అని రాస్తే చివర రవత్తు తోకను పక్క మాట దాకా లాగేది, గుర్తుందా? ఆ తోక ఇంకెవరికీ రాదు. అయితే ఒక సంగతి. రంగు చర్మం రెండో పొరలో ఉంటుంది. అక్కడి కణాలు దాన్ని మింగి పట్టుకుంటాయి, అవి చచ్చిపోతే కొత్తవి అందుకుంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ గీత కాస్త పరుచుకుంటుంది. మన అక్షరాల్లో సున్నలు, గుళ్ళు, వత్తులు ఎక్కువ కదా, చిన్నవిగా పొడిపిస్తే పూడిపోయి మసకబారతాయి. పెద్దవిగా వేయించుకో. బెంగళూరులో టాటూ వేసే కుర్రాడికి తెలుగు రాదన్నావు, చూసి రాయనివ్వకు, చీటీనే పెద్దది చేసి అచ్చు దించమను. నల్లరంగు చాలు. రేపు తీయించాలనిపిస్తే లేజర్‌కు నలుపు తొందరగా లొంగుతుంది, ఆకుపచ్చ, పసుపు మొండికేస్తాయి.

చెవి రెండోసారి కుట్టించినప్పుడు నీకు గడ్డ కట్టింది. అలాంటి ఒంటితత్వం ఉన్నవాళ్ళకు టాటూ దగ్గరా కట్టవచ్చు, ముందు చర్మం డాక్టరుకు చూపించు. తమ్ముడు కూడా వేయించుకుంటానంటున్నాడట. వాడు కేంద్ర బలగాల పరీక్షకు చదువుతున్నాడు. అక్కడ ఎడమ ముంజేయి లోపలివైపో, అరచేతి వెనకో మాత్రమే ఒప్పుకుంటారు, అదీ ఆ భాగంలో నాలుగో వంతుకు మించకూడదు. వాణ్ణి నోటిఫికేషన్ చదివాకే ఆలోచించమను.

ఇవన్నీ సంవత్సరీకం అయ్యాకే. ఏటిసూతకంలో శుభకార్యాలు వద్దన్న పెద్దలు దుఃఖానికి ఒక ఏడాది గడువిచ్చారని నేననుకుంటాను. ఇప్పుడు నీకు యంత్రం కావాలనిపిస్తోంది, మొన్న రెక్కలున్న దేవదూత కావాలన్నావు, అంతకుముందు కమలం. ఏడాది తిరిగాక కూడా ఆ జీలకర్రే కావాలనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి. బెంగళూరు నేనూ వస్తాను. సూది ప్యాకెట్ మన ముందు విప్పమని, రంగు కొత్త గిన్నెలో పొయ్యమని అడుగుతాను. వాడిన సూదులతో పచ్చకామెర్ల క్రిములు, హెచ్‌ఐవీ సోకవచ్చు. పని అయ్యేదాకా నీ రెండో చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. మీ నాన్నతో ఈ ఆదివారం మాట్లాడతాను.

మీ పెద్దమ్మ