తుపాకి వీరుని చూచి నవ్వుట

ఒకనాడు కన్నార్పక ఆరాధించినదానిని మరునాడు ఎగతాళి చేయుటలో ద్రోహమున్నదా? వెస్టర్న్ చిత్రములు చూచి పెరిగి, పిమ్మట వానిని వెక్కిరించు హాస్యచిత్రములకు పగలబడి నవ్విన నావంటివారికి ఈ ప్రశ్న తప్పదు.

నా మట్టుకు నాకు ద్రోహమేమియు కనిపించదు. ఆ వీరుని నడక, బిగించిన పెదవి, దుమ్ము రేగిన వీధిలో ఇద్దరు ఎదురెదురుగా నిలుచుట, ఇవన్నియు కంఠస్థమైనవానికే వెక్కిరింతలోని రుచి తెలియును. హరిదాసును ఎరుగనివానికి హరిదాసు వేషము కట్టిన పగటివేషగాడు నవ్వు పుట్టించలేడు.

చిక్కు మరొకచోట ఉన్నది. 1948లో వచ్చిన ‘ది పేల్‌ఫేస్’ చిత్రములో బాబ్ హోప్ పిరికివాడైన పళ్ళ వైద్యుడు. ఆదివాసులు ముట్టడించినప్పుడు అతడు తోచినట్లు కాల్చును. గురి తప్పక కాల్చునది జేన్ రస్సెల్ ధరించిన కలామిటీ జేన్. పడినవారందరు తన తుపాకికే పడిరని అతడు నమ్మును, లోకమును నమ్మును. వీరత్వము ఎంత సులభముగా పుకారు మీద నిలుచునో ఇంత చక్కగా చూపిన చిత్రములు కొద్ది. ఎన్నిసార్లు చూచినను నాకు నవ్వు వచ్చును. అయితే ఆ నవ్వు పుట్టుటకు కొందరు చావవలెను. ఎవరు చంపిరన్నదే అందలి హాస్యము. ఎవరు చచ్చిరన్నది ఎవరికిని పట్టదు. తమ నేలమీద నిలిచి పోరినవారిని పేరులేని గుంపుగా చూపుట వెస్టర్న్ చిత్రముల పాత దోషము. వెక్కిరించిన చిత్రము వీరుని డాంబికమును చీల్చి చెండాడినది గాని, ఈ దోషమును మాత్రము పిత్రార్జితమువలె భద్రముగా స్వీకరించినది.

1974లో మెల్ బ్రూక్స్ తీసిన ‘బ్లేజింగ్ సాడిల్స్’ మరికొంత సాహసించినది. రైలుమార్గము కొరకు ఒక ఊరిని ఖాళీ చేయింపదలచిన కుటిలుడు, నల్లజాతివాడైన బార్ట్ అచటికి షెరీఫుగా వెళ్ళునట్లు పన్నాగము పన్నును. ఊరివారు తుపాకులెత్తుదురు. బార్ట్ తన తుపాకిని తన తలకే గురిపెట్టి, ఎవరైన కదలినచో ఈ నల్లవానిని చంపెదనని గర్జించును. మరుక్షణమే బెదరిన గొంతుతో ప్రాధేయపడును. ఊరు నమ్మి తుపాకులు దించును! ఇచట మనము నవ్వునది ద్వేషములోని మందబుద్ధిని చూచి. పైగా నవ్వించువాడు, ఆ ద్వేషమునకు గురియైనవాడు ఒక్కడే. చిత్రరచయితలలో నల్లజాతి హాస్యనటుడు రిచర్డ్ ప్రయర్ ఉండుట కాకతాళీయము కాదని నా నమ్మకము.

అదే చిత్రములో బ్రూక్స్ తానే ఆదివాసుల నాయకుని వేషము కట్టి, యూదుల భాషయైన యిడ్డిష్‌లో మాటాడును. హింసలు పడిన ఒక జాతి మరొక జాతిని పలకరించినట్లున్నదని కొందరనవచ్చును. కొంతవరకు నేనును ఒప్పుకొందును. అయినను ఆ నాయకునికి తనదైన నోరు అందులోను లభింపలేదు.

ఆ నేల మనది కాదుగదా యని తప్పించుకొనుటకు వీలులేదు. 1971లో తెలుగున వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కృష్ణ ధరించినది ఆ వీరుని టోపీనే. 2009లో వచ్చిన ‘క్విక్ గన్ మురుగన్’లో శాకాహారి కౌబాయిగా నవ్వించిన రాజేంద్రప్రసాద్ నెత్తిమీదను అదే టోపీ. (దోసె కొరకు తుపాకి పట్టిన వీరుడు మరెందుండును!) పరపాలన ఎట్టిదో ఎరిగిన దేశమున పుట్టియు మనము కోరుకొన్న వేషము అదియే. చిన్ననాడు మా వీధిలో కట్టెతుపాకి పట్టి నేనును షెరీఫునైతిని. చచ్చి పడుటకు అందరికన్న చిన్నవాడైన ఒక పొరుగింటి పిల్లవానిని నిలుపుకొంటిమి. వాడు ఎంతో చక్కగా పడెడివాడు. మేము విరగబడి నవ్వెడివారము. వాడు ఎన్నడైన తుపాకి తనకిమ్మని అడిగెనో లేదో నాకు జ్ఞప్తికి రాదు.