అరవై కిలోల లెక్క

ధర్మవరంలో మగ్గం ముందు కూర్చునే ఒక నేతగాణ్ని ఊహించుకుందాం. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 60 కిలోలు. ఎత్తును మీటర్లలో, 1.6ని 1.6తో గుణిస్తే 2.56. అరవైని దానితో భాగిస్తే 23.4. ఇదే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందా అని చూపే అంకె. అధిక బరువుకు ప్రపంచమంతటికీ పెట్టిన 25 గీతకు లోపలే ఉంది కాబట్టి బరువు బాగానే ఉన్నట్టు. కానీ 2009లో మన దేశపు వైద్య నిపుణులు భారతీయులకు ఆ గీతను 23కి దించారు. ఎందుకంటే అంతే బీఎంఐ ఉన్న పాశ్చాత్యులతో పోలిస్తే మన ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట చుట్టూ. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ ఫొటోలో పక్కపక్కన కనిపించారు. ఇద్దరి బీఎంఐ 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం!

మరి అలాంటి అంకె ఎందుకని అడగొచ్చు. హిందూపురం మార్కెట్లో బెల్లం మోసే హమాలీకి కండల వల్ల 26 వచ్చినా స్థూలకాయుడు అనలేం కదా. నిజమే. 1830లలో బెల్జియం గణిత శాస్త్రవేత్త కెట్లే దీన్ని జనసమూహాల సగటు కోసం కట్టాడు, ఒక్కో మనిషి జాతకం చెప్పడానికి కాదు. అయినా పారేయక్కర్లేదు. ఒక తూకం, గోడ మీద కొలత గీతలు ఉంటే పెనుకొండ పక్క పల్లెలో కూడా పైసా ఖర్చు లేకుండా మొదటి వడపోత పట్టొచ్చు. 18.5కి తగ్గిన బక్కవాళ్లూ ఇందులోనే బయటపడతారు. హమాలీకీ నేతగాడికీ తేడా తేల్చేది టైలరు టేపు: నడుము మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే షుగరు, బీపీ చూపించుకోవాలి. మగ్గం గుంటలో రోజంతా కాళ్లు ఆడతాయి గానీ, నడుము కూర్చున్నచోటే ఉంటుంది.