తప్పుకోవలసింది దేహమా, ఆత్మా?

కాశీలో శంకరాచార్యులు ఎదురొచ్చిన చండాలుణ్ణి పక్కకు తప్పుకోమన్నారని కథ. తప్పుకోవలసింది ఈ దేహమా, లోపలి ఆత్మా అని అతను ఎదురడిగాడు. దానికి జవాబుగానే మనీషా పంచకం అనే శ్లోకాలు పుట్టాయంటుంది సంప్రదాయం. కథ చరిత్రో కాదో గానీ, ప్రశ్న మాత్రం గట్టిది.

వెబ్‌సైట్ల గుమ్మం దగ్గరా ఈ ప్రశ్న వేయవచ్చు. పేజీ కోరేటప్పుడే బ్రౌజర్ తన పేరు, ఆపరేటింగ్ సిస్టమ్ పేరు, చాలాసార్లు తానున్నది ఫోనో కంప్యూటరో కూడా చెప్పేస్తుంది. దీన్ని యూజర్ ఏజెంట్ అంటారు. సర్వర్‌కు కనిపించేది ఈ వేషమే. 1990ల నడుమ నెట్‌స్కేప్ బ్రౌజర్ తనను 'మొజిల్లా' అని చెప్పుకునేది. కొన్ని సైట్లు ఫ్రేములున్న పేజీలను ఆ పేరు చెప్పినవారికే ఇచ్చేవి. పోటీకొచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఏం చేసింది? తానూ మొజిల్లానే అంది! నేటికీ క్రోమ్, సఫారీ 'మొజిల్లా/5.0' అనే మొదలుపెడతాయి. అబద్ధమే. కాకపోతే ఆ అబద్ధం నేర్పింది గుమ్మం కాసినవాళ్లు.

వేషాన్ని బట్టి మనిషిని ఊహించడం ఇంకో మెట్టు. ఆర్బిట్జ్ అనే ప్రయాణాల సైట్ మ్యాక్ వాడేవారికి ఖరీదైన హోటళ్లను ముందు చూపుతోందని 2012లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. ఒకే గదికి రెండు ధరలు పెట్టలేదు, వరుస మార్చింది. పొగ ఉంటే నిప్పున్నట్టు మ్యాక్ ఉంటే డబ్బున్నట్టేనా? ఆఫీసువాళ్లిచ్చిన మ్యాక్ అయితే? ఒకచోట నిజమై మరోచోట తప్పిపోయే ఇలాంటి కారణాన్ని తార్కికులు సవ్యభిచార హేతువంటారు.

బట్టలమ్మే మింత్ర అయితే 2015 మేలో డెస్క్‌టాప్ సైట్‌ను మూసేసి యాప్ ఉన్నవారికే అమ్మింది. మరుసటి ఏడు జూన్‌లో మళ్లీ తెరిచింది.

అలాగని అర్హత అనే మాటే వద్దనలేం. వేదాంతం చదవడానికి అధికారి ఎవరన్న విచారణ ఉంది: వివేకం, వైరాగ్యం, శమదమాదులు, ముముక్షుత్వం. అన్నీ లోపలివే. కానీ అదే శంకరుల బ్రహ్మసూత్ర భాష్యంలో అపశూద్రాధికరణం వేదాధ్యయనాన్ని ఉపనయనానికి ముడిపెట్టి, శూద్రులకు అధికారం లేదంటుంది. కాశీ కథ చెప్పి మురిసిపోయేవారు ఈ భాగాన్ని దాటేయడం నిజాయితీ కాదు. గుణాన్ని చూసే అర్హతనూ, పుట్టుకను చూసే అడ్డునూ ఒకే సంప్రదాయం మోసింది.

నేటి గుమ్మాల్లోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. రూట్ చేసిన, అంటే సిస్టమ్‌పై పూర్తి అధికారం తెచ్చుకున్న ఫోన్లను చాలా బ్యాంకు యాప్‌లు రానివ్వవు. దానికి కారణముంది: అక్కడ ఒక యాప్ రహస్యాలు ఇంకో యాప్‌కు చిక్కకుండా కాపాడే కట్టుబాటు సడలుతుంది. తన ఫోన్‌ను తెలిసి మార్చుకున్న జాగ్రత్తపరుడూ దొంగతో పాటే బయట నిలబడతాడు, అది వేరే సంగతి. తెర చిన్నదని పేజీ మూసే సైట్‌కు మాత్రం ఆ సాకూ లేదు. వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ 2010లోనే రెస్పాన్సివ్ వెబ్ డిజైన్‌ను ప్రతిపాదించారు. అందులో తెర వెడల్పును బట్టి అదే పేజీ సర్దుకుంటుంది, ఫోన్ ఏ కంపెనీదో అడగదు.