మౌనము ఎవరి కొరకు?

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట ధర్మమని తెలియుటకు శాస్త్రపాండిత్యము అక్కరలేదు. గాయపడినవానికి కట్టు కట్టుట, నిలువనీడ లేనివానికి ఆశ్రయమిచ్చుట పామరునకు సైతము తెలిసిన ధర్మములే. అయితే ఆ ఆకలి వానలు లేక గాక ఒక ప్రభుత్వపు ఆజ్ఞవలన కలిగినపుడు, గాయము చేసినవాడే వైద్యుని లోనికి రానిచ్చు ద్వారపాలకుడైనపుడు ధర్మము రెండుగా చీలిపోవును. నిజము పలికినచో ద్వారము మూతపడును, అన్నము అందదు. పలుకనిచో అన్నము అందును, అన్యాయము సాగిపోవును. విపత్తులలో సేవాసంస్థల పక్షమున లోకమునకు విన్నవించు బాధ్యతను తలకెత్తుకొనినవారు ఏదో ఒకనాడు ఈ చీలిక ఎదుట నిలువక తప్పదు.

ఇది కేవలము ఉపాయమునకు సంబంధించిన ప్రశ్న యని కొందరు తలంతురు. ఎప్పుడు మాటలాడిన లాభమో, ఎప్పుడు ఊరకున్న లాభమో లెక్క చూచుకొనిన చాలునని వారి భావము. కాని ఆ లెక్కకు ముందే మరొక ప్రశ్న కలదు. ఆ లాభము ఎవరిది? బాధితునిదా, సేవకునిదా, సేవాసంస్థదా? ఈ మూడును ఒక్కటేయని భ్రమించుటలోనే అసలు ప్రమాదము దాగియున్నది. 20వ శతాబ్దపు చరిత్రలోని మూడు ఘట్టములను పరిశీలించినచో ఈ విషయము తేటపడును.

మొదటి ప్రపంచయుద్ధము 1918 నవంబరు 11న ఆగినది. కాని ఓడిన దేశములపై మిత్రరాజ్యములు విధించిన సముద్రదిగ్బంధము 1919 వేసవివరకు పూర్తిగా తొలగలేదు. శత్రువు సంధిపత్రముపై సంతకము చేయువరకు అతని పట్టు వదలరాదనునది ఆనాటి రాజనీతి. ఆ నీతికి మూల్యము చెల్లించినవారు వియన్నా మొదలగు నగరములలోని పసిబిడ్డలు. అపుడు ఎగ్లంటైన్ జెబ్ అను ఆంగ్లవనిత, చిక్కి శల్యమైన బిడ్డల ఛాయాచిత్రములతో కరపత్రములను అచ్చువేయించి లండనులోని ట్రఫాల్గర్ కూడలిలో పంచిపెట్టెను. ఆ ఆకలికి కారణము తమ దేశపు దిగ్బంధమేయని ఆ పత్రములు చెప్పినవి. యుద్ధకాలపు చట్టము ననుసరించి అచ్చుకు ముందు అధికారుల అనుమతి పొందలేదను నేరముపై ఆమెను నిర్బంధించి న్యాయస్థానమున నిలిపిరి. ఆమె తన వాదమును తానే వినిపించుకొనెను. 5 పౌనుల జరిమానా పడినది. ప్రభుత్వపక్షమున వాదించిన సర్ ఆర్చిబాల్డ్ బాడ్కినే ఆ సొమ్మును తన చేతినుండి ఆమెకిచ్చెనని ఆమె చరిత్రకారులు వ్రాసిరి. ఆ నెలలోనే, 1919 మేలో, ఆమెయు ఆమె సోదరి డొరతీ బక్స్‌టనును కలిసి ‘సేవ్ ది చిల్డ్రన్’ నిధిని స్థాపించిరి. శత్రుదేశపు బిడ్డలకు అన్నము పెట్టుటకై విజేతల దేశమున చందా లడుగుట ఆనాడు సామాన్యమైన సాహసము కాదు. ఆమె రచించిన బాలల హక్కుల ప్రకటనను 1924లో నానాజాతిసమితి ఆమోదించినది.

ఈ ఘట్టమున గమనింపదగిన విషయ మొకటి కలదు. జెబ్ పలికిన మాటకు వెల చెల్లించినది జెబ్ ఒక్కతెయే. నిందను, శిక్షను ఆమెయే భరించెను. ఆమె మాటవలన ఏ బిడ్డకును పాలు ఆగిపోలేదు, పాలసీసాలు పెరిగినవి. ఇట్టి చోట ధర్మము కఠినమే గాని జటిలము కాదు. ధైర్యమున్న చాలును.

రెండవ ఘట్టము ఇంత సులభమైనది కాదు. అది 1942 అక్టోబరు 14, జెనీవా నగరము. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సభ్యులు ఒక ముసాయిదా ప్రకటనను ముందుంచుకొని సమావేశమైరి. ఐరోపాలోని యూదులను నాజీలు తరలించి హతమార్చుచున్న వార్తలు అప్పటికే కమిటీకి చేరియుండెను. ముసాయిదాలో జర్మనీ పేరు గాని యూదుల పేరు గాని లేదు. సామాన్య ప్రజలను బందీలుగా పట్టుటను, దేశాంతరములకు తరలించుటను గూర్చిన ఆవేదన మాత్రమే కలదు. మార్గరీట్ ఫ్రిక్-క్రామెర్ మొదలగు మహిళాసభ్యులు దానిని ప్రకటింపవలెనని గట్టిగా కోరిరి. ఆ సంవత్సరము స్విట్జర్లాండు అధ్యక్షుడుగా నుండి, కమిటీలోను సభ్యుడైన ఫిలిప్ ఎట్టర్ వలదని వాదించెను. తుదకు ప్రకటన వెలువరింపరాదని నిర్ణయమైనది.

ఆ సభ్యులు క్రూరులు కారు. వారి కారణములును తేలికగా త్రోసిపుచ్చదగినవి కావు. 1929 నాటి జెనీవా ఒప్పందము యుద్ధఖైదీలకు రక్షణ నిచ్చినదే గాని సామాన్య పౌరులకు ఈయలేదు. ఆ ఒప్పందము ఆధారముగా కమిటీ ప్రతినిధులు ఖైదీల శిబిరములకు పోయి, ఆహారపు పొట్లములను చేర్చి, కోట్లకొలది సందేశములను ఇండ్లకు అందించుచుండిరి. ఒక్క ప్రకటనవలన హిట్లరు ఆగ్రహించి ఆ తలుపు మూసివేసినచో ఆ ఖైదీల గతి ఏమి? ఇది వారి భయము. స్విట్జర్లాండు నలుదిక్కుల నాజీ ప్రాబల్యమే యుండుట మరొక భయము. మొదటి భయము బాధితుని కొరకు, రెండవది తమ కొరకు. ఆ సమావేశమున రెండును ఒకే మాటతో పలికినవి, వేరుచేసి చూపువారు లేకపోయిరి.

ఆ ప్రకటన వెలువడినచో ఎందరు బ్రతికెడివారో ఎవరును చెప్పజాలరు. బహుశః హంతకుని చేయి ఆగెడిది కాదు. కాని వేటాడబడుచున్నవారికి అది హెచ్చరిక కాగలిగెడిది. వారికి తలుపులు మూసిన దేశములకు సాకు మిగిలెడిది కాదు. దాదాపు 60 లక్షల యూదులు ఆ మారణకాండలో సమసిపోయిరి. ఖైదీలకు చేసిన సేవకు ఆ కమిటీకి 1944 సంవత్సరపు నోబెల్ శాంతిబహుమానము లభించినది. ఆ మౌనమునకు గాను నింద నేటికిని వెన్నంటియే యున్నది. అది తమ చరిత్రలో ఘోరమైన వైఫల్యమని పిమ్మటి దశాబ్దములలో ఆ సంస్థయే అంగీకరించినది.

మూడవ ఘట్టము ఇథియోపియాలో జరిగినది. 1984లో అచ్చట కరవు తాండవించుచున్నదని దూరదర్శన చిత్రముల మూలమున లోకమునకు తెలిసి విరాళములు వెల్లువెత్తినవి. అనావృష్టితో పాటు ఉత్తరప్రాంతపు అంతర్యుద్ధమును ఆ కరవుకు కారణమే. మెంగిస్తు హైలె మరియం ప్రభుత్వము కరవు ప్రాంతపు ప్రజలను లక్షలాదిగా నైరుతి దిశకు తరలించుటకు పూనుకొనెను. అనేకులను బలవంతముగా ఎక్కించిరి, కుటుంబములు విడిపోయినవి, దారిలోను చేరినచోటను వేలకొలది మరణించిరి. అన్నము కొరకు వచ్చినవారిని పట్టుటకు ఆహారకేంద్రములే ఎరలుగా మారుచున్నవని ‘సరిహద్దులు లేని వైద్యులు’ అను సంస్థ యొక్క ఫ్రెంచి శాఖ గ్రహించెను. 1985లో ఆ శాఖ బహిరంగముగా ఆ సంగతి చాటెను. ఆ సంవత్సరాంతమున ప్రభుత్వము దానిని దేశమునుండి వెడలగొట్టెను. తక్కిన సంస్థలలో పెక్కు మౌనముగా నిలిచి సేవ సాగించినవి.

ఎవరిది ధర్మము? వెళ్లగొట్టబడిన వైద్యులు తమ మంచములపై నున్న రోగులను విడిచిపోయిరి. అది చిన్న నష్టము కాదు. ఆ వెల చెల్లించినది వైద్యులు కారు, రోగులు. నిలిచిన సంస్థలు పెక్కు ప్రాణములను నిలిపినవనుట సత్యమే. కాని వైద్యుల ప్రశ్న వేరు. ఇచ్చు చేయియే ఉరి బిగించు చేతికి త్రాడు అందించుచున్నపుడు దానిని సేవ యనవచ్చునా? 1986 ఆరంభమున ఆ తరలింపు కొంతకాలము నిలిచిపోయినది. అందరును మౌనము వహించియున్నచో దానిని నిలుపుమని అడుగు నోరెక్కడిది?

అట్లని మాటలాడుట ఎల్లవేళల ఉత్తమమని తలపరాదు. 1967 నుండి 1970 వరకు నైజీరియాలో జరిగిన బయాఫ్రా యుద్ధమున ఆకలిగొన్న బిడ్డల చిత్రములు ప్రపంచమును కదిలించినవి. అచ్చట పనిచేసిన కొందరు ఫ్రెంచి వైద్యులు రెడ్‌క్రాసు మౌననియమమును సహింపలేకపోయిరి. 1971లో ‘సరిహద్దులు లేని వైద్యులు’ సంస్థ పుట్టుటకు ఆ అసహనము ఒక కారణము. కాని ఆ ఆకలి చిత్రములనే బయాఫ్రా నాయకులు తమ యుద్ధప్రచారమునకు వాడుకొనిరని పిమ్మట ఎల్లరును గ్రహించిరి. కరుణతో పలికిన మాట సైతము మరొకని చేతిలో ఆయుధము కాగలదు. విరాళముల కొరకు దుఃఖమును పెంచి చెప్పుట, బిడ్డ మానమును సంతలో పెట్టుట గూడ వాక్కు చేయు అపరాధములే.

మౌనమునందు సైతము భేదము కలదు. చెరసాలలో హింసను చూచిన ప్రతినిధి బయట చాటక, ఆ అధికారినే ఏకాంతమున నిలదీసి, మరల మరల పోయి ఖైదీని చూచి వచ్చుట మౌనము కాదు. అది తగ్గిన స్వరముతో పలికిన సత్యము. రెడ్‌క్రాస్ కమిటీ నేటికిని ఆ మార్గమునే ప్రధానముగా అనుసరించుచున్నది. అయితే 1981లో ఆ కమిటీ తన మౌనమునకు హద్దులను లిఖితపూర్వకముగా ప్రకటించినది. ఉల్లంఘనలు ఘోరములై మరల మరల జరుగుచున్నపుడు, ఏకాంతవిన్నపములు విఫలమైనపుడు, వానిని తన ప్రతినిధులు స్వయముగా చూచినపుడు లేదా అవి లోకవిదితములైనపుడు, చాటుట బాధితులకే మేలైనపుడు బహిరంగముగా పలుకవచ్చును. 1983లో ఇరాన్-ఇరాక్ యుద్ధమున ఆ రీతిగనే పలికినది. 1942లో లేని కొలబద్ద అది. మౌనమునకు గడువు, కారణము, సాక్షి ఉండవలెనని ఆ నియమముల తాత్పర్యము. హద్దు లేని మౌనము వ్రతము కాదు, అలవాటు.

ఈ విచారణనుండి తేలు సారము ఇది. సేవాసంస్థ వాక్కునకు సారథ్యము వహించినవాడు సాధారణముగా విపత్తు నడుమ నుండడు. అతని మాటకు వెల చెల్లించువారు దూరమున నున్న రోగులు, ఆ దేశమునందే పుట్టి అచ్చటనే ఉండవలసిన సంస్థ ఉద్యోగులు. విదేశీయునకు విమానము కలదు, వారికి లేదు. కావున వారిని అడుగక వారి పక్షమున గర్జించుట సాహసము కాదు, పరుల ప్రాణములతో చేయు దానము. అట్లే వారిని అడుగక వారి మేలు పేరిట నోరు మూసికొనుటయు న్యాయము కాదు. బాధితుడు మాటలాడుమని కోరునపుడు సంస్థ మౌనము వహించినచో, ఆ మౌనము నిశ్చయముగా అతని కొరకు కాదు.

అది ఎవరి కొరకో తెలిసికొనుట కష్టము గాదు. సంస్థ పేరు, సంస్థ నిధి, సంస్థ అనుమతిపత్రము, ఇవి మొదట సేవకు పనిముట్లు. కాలక్రమమున అవియే కాపాడవలసిన సొత్తులగును. తానిచ్చుచున్నానను భావము నశించిన అర్పణమే దాసోహమని శరణులు బోధించిరి. వ్యక్తియందలి అహమును విడిచినవాడు సైతము సంస్థయందలి అహమును పట్టుకొని వ్రేలాడుట కలదు. అది మరింత సూక్ష్మము. త్యాగము వేషమున వచ్చును గనుక దానిని గుర్తించుట దుష్కరము. జెనీవాలో ఆనాడు కూర్చున్నవారికి తాము స్వార్థపరులమను స్పృహ లేదు. ఖైదీలను కాపాడుచున్నామనియే వారు విశ్వసించిరి. అందు సగము సత్యము. ఆ సగము సత్యమే మిగిలిన సగమును కప్పివేసినది.

కావున అన్నము పెట్టు చేతికి, సత్యము పలుకు నోటికి వైరము కల్పింపరాదు. ఒక్కొక్కప్పుడు చేయి నిలుచుటకై నోరు ఓర్చుకొనవలెను. ఒక్కొక్కప్పుడు నోరు పలుకుటకై చేయి ఖాళీతో వెనుకకు రావలెను. ఏది ఎప్పుడో చెప్పు సూత్రము లేదు. కాని నిర్ణయించువాడు రాత్రి నిద్రకు ముందు తన్ను తాను అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. నేడు పలుకనిది ఎవరిని కాపాడుటకు? ఆ కాపాడబడినవాని ముఖము కన్నులకు కట్టినచో ఆ మౌనము సేవయే. కార్యాలయపు గోడలు, ముద్ర, జెండా మాత్రమే కనబడినచో మరునాడు పలుకవలసిన సమయము వచ్చినదని తెలియవలెను.