సముద్రంలో పడిందిలే

స్కైలాబ్ కథ మా నాయనమ్మ చెప్పేది. 1979లో ఆకాశం నుంచి అదేదో పడిద్దంట, ఎవరి నెత్తిన పడిద్దో తెల్దంట అని ఊళ్ళకు ఊళ్ళు వణికిపోయాయి. రేపటికి ఉంటామో లేదోనని కొందరు కోళ్ళు కోసుకు తిన్నారు. మా తాత మాత్రం ఆ నెల అప్పు కట్టడం మానేశాడు. చివరికి జులై 11న అది హిందూ మహాసముద్రంలో పడింది. కొన్ని ముక్కలు ఆస్ట్రేలియా పడమటి వైపు నేల మీద పడ్డాయి. ఆ కబురు తెలిశాక ఊరంతా ఊపిరి పీల్చుకుని ఒకటే మాట అనుకున్నారట: "సముద్రంలో పడిందిలే."

ఆ "లే" దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. సముద్రంలో పడిందంటే ఎవరూ లేనిచోట పడిందని అర్థం. ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్స్ అనే ఊరి స్థానిక పాలకులు, తమ నేల మీద చెత్త పోసినందుకు నాసాకి 400 డాలర్ల చలానా రాశారు. సముద్రం తరఫున చలానా రాసేవాళ్ళెవరూ లేరు. ఆ తర్వాత అదే అలవాటయింది. 2001లో రష్యావాళ్ళ మీర్ స్టేషన్‌ని దక్షిణ పసిఫిక్‌లో పడేశారు. ఇప్పుడు తిరుగుతున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికీ చివరికి అటువైపే దారి.

తమాషా ఏంటంటే, స్కైలాబ్ పడడానికి రెండేళ్ళ ముందే, 1977లో, సముద్రం అడుగున ఎవరున్నారో బయటపడింది. గాలపగోస్ దగ్గర ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామి రెండున్నర కిలోమీటర్ల లోతుకి దిగింది. వెళ్ళినవాళ్ళు నేల పగుళ్ళలోంచి వచ్చే వేడినీళ్ళను వెతుక్కుంటూ పోయిన భూగర్భ శాస్త్రజ్ఞులు. బతికున్నది కనబడుతుందని ఎవరూ అనుకోలేదు కాబట్టి ఓడలో జీవశాస్త్రజ్ఞుడు ఒక్కడూ లేడు. అక్కడేమో మనిషెత్తు గొట్టపు పురుగులు, పెద్ద పెద్ద ఆల్చిప్పలు, పీతలు. ఎండ అనేదే చేరని చోట, కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ మీద బతికే బాక్టీరియా, వాటి మీద ఆధారపడ్డ ఒక ఊరు. జీవానికి సూర్యుడు తప్పనిసరి అని నాకు స్కూల్లో చెప్పిన పాఠం ఆ రోజే పాతబడింది. (అయినా ఇరవై ఏళ్ళ తర్వాత నాకు అదే పాఠం చెప్పారు, అది వేరే సంగతి.)

సముద్రానికీ అంతరిక్షానికీ అసలు లంకె ఇక్కడే పడింది. ఎండ లేకుండా ఇక్కడ బతకగలిగితే, గురుగ్రహపు చందమామ యూరోపా మంచు కింద ఉందంటున్న సముద్రంలో ఎందుకు బతకకూడదు? శనిగ్రహం చుట్టూ తిరిగే ఎన్‌సెలడస్ అయితే మంచు పగుళ్ళలోంచి నీటి ఆవిరిని చిమ్ముతూనే ఉంది. అందులో హైడ్రోజన్ ఉందని, అంటే అలాంటి జీవులకు తిండి ఉండొచ్చని, 2017లో ప్రకటించారు.

అదే ఏడాది సెప్టెంబర్ 15న కసీని నౌకని శనిగ్రహంలోకి తోసి కాల్చేశారు. ఇంధనం అయిపోవచ్చింది. అలా వదిలేస్తే ఎప్పుడో ఎన్‌సెలడస్ మీదో టైటన్ మీదో కూలొచ్చు, దానికి అంటుకుని పోయిన మన సూక్ష్మజీవులు అక్కడ చేరొచ్చు. అందుకని. 2003లో గెలీలియో నౌకని గురుగ్రహంలోకి పంపిందీ యూరోపా కోసమే. అక్కడ ప్రాణి ఉందని ఎవరికీ తెలియదు. ఉండొచ్చేమో అన్న ఒక్క అనుమానం చాలింది.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి, అబద్ధం ఎందుకు. తర్వాత మా హిందూ మహాసముద్రం గుర్తొచ్చింది.

మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల అడుగు నేల మీద అన్వేషణ హక్కు మన దేశానికి ఉంది. అక్కడ బంగాళాదుంపల్లా నల్లటి ముద్దలు పరుచుకుని ఉంటాయి. మాంగనీసు, నికెల్, రాగి, కోబాల్ట్ వాటిలోనే ఉన్నాయి. ఒక్కో ముద్ద పది లక్షల ఏళ్ళకు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ బురద నేలలో కాలు ఆనించుకోవడానికి గట్టి చోటంటే అవే, స్పాంజిలు వాటినే పట్టుకుని బతుకుతాయి. 1989లో పెరూ దగ్గర పరిశోధకులు అలాంటి అడుగు నేలని నాగలి లాంటిదానితో దున్ని చూశారు. 26 ఏళ్ళ తర్వాత వెళ్తే చాళ్ళు చాళ్ళుగానే ఉన్నాయి. మా ఉద్యోగ భాషలో అది రోల్‌బ్యాక్ లేని డిప్లాయ్‌మెంట్.

కసీని విషయంలో "ఏదైనా ఉండొచ్చు" అన్నది ఆగడానికి సరిపోయింది. ఇక్కడ ఉన్నాయని తెలిసీ, "పెద్ద నష్టం ఉండకపోవచ్చు" అన్నది దిగడానికి సరిపోయేలా ఉంది. యూరోపాకి మనం చూపించేది దయ కాదేమో, నమూనా మైలపడుతుందన్న శాస్త్రజ్ఞుల జాగ్రత్త అంటారు కొందరు. ఒప్పుకుంటాను. ఆ జాగ్రత్తకైనా నోచుకోని చోటు ఇక్కడుందనే నా బాధ. పైగా యూరోపా నుంచి తెచ్చుకోడానికి మనకేం లేదు. అవసరం లేనిచోట మర్యాద సులువు.

చట్టం కూడా చూశాను. 1982 నాటి ఐరాస సముద్ర చట్టం ఏ దేశానికీ చెందని అడుగు నేలని మానవజాతి ఉమ్మడి వారసత్వం అంటుంది. అక్కడి జీవాన్ని కాపాడాలనీ అందులోనే ఉంది. కానీ వారసత్వం అన్నాక పంపకాలుంటాయి. ఉమ్మడి ఆస్తి సంగతి పల్నాడువాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక్కడ నేను పెద్దమనిషి వేషం వెయ్యలేను. మాది పిడుగురాళ్ళ పక్కన ఊరు. మా నాన్న ముప్ఫై ఏళ్ళు సున్నపు బట్టీల్లో లెక్కలు రాశాడు. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ళ చుట్టూ తవ్వి తీసే ఆ సున్నపురాయి, మా ఇంట్లో పరిచిన నాపరాయి, అంతా ఒకప్పటి సముద్రపు అడుగే. చేపలు కూడా పుట్టని కాలంలో పేరుకున్న బురద అది. నా ఇంజనీరింగ్ ఫీజు ఆ అడుగు నేలని కాల్చగా వచ్చింది, నాన్న దగ్గూ అక్కడిదే. నా ఫోన్ బ్యాటరీలో కోబాల్ట్ ఉంది, దాన్ని కాంగోలో పిల్లలు కూడా తవ్వుతారని చదివాను. నేల మీద తవ్వితే మనుషులకు నొప్పి, సముద్రంలో తవ్వితే పురుగులకే కదా అనే వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. నాకు దానికి పూర్తి జవాబు లేదు. దిగేవాడే "ఏం కాదు" అని ముందు రుజువు చెయ్యాలి, కసీనికి పెట్టిన తూకం ఇక్కడా పెట్టాలి, అంతవరకే చెప్పగలను.

మొన్న సంక్రాంతికి అరుగు మీద కూర్చుని నాన్నకి ఇదంతా చెప్పాను. కసీని దగ్గర "దాంట్లో మనుషులున్నారా?" అని అడిగాడు. లేరన్నాను. "అయితే కాల్చటానికేంలే." మా ఇంటి బండ సముద్రపు అడుగని చెబితే మాత్రం వంగి చేత్తో ఒకసారి తడిమి చూశాడు.

తర్వాత మత్స్య-6000 గురించి చెప్పాను. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవాళ్ళు తయారుచేస్తున్నారు, ముగ్గురు మనుషులు ఆరు కిలోమీటర్ల లోతుకి దిగుతారు, వాళ్ళు కూర్చునే టైటానియం గోళం తయారీలో ఇస్రో చెయ్యి కూడా ఉంది అని. 2025 ఆగస్టులో మనవాళ్ళిద్దరు ఫ్రెంచివాళ్ళ జలాంతర్గామిలో దిగి వచ్చారని, ఒకరు 5,002 మీటర్ల దాకా వెళ్ళారని.

"అంత లోతుకి దేనికి పోతన్నార్రా? రాయి కోసమా, పురుగుల కోసమా?"

"రెండిటికీ నాన్నా."

కాసేపు దగ్గి, గొంతు సవరించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు రాసిన మనిషి.

"మరి జీతం దేనికిస్తన్నారు?"