పిల్లలకు దాచదగునా?

“పిల్లలకు భారము కాకుండ వెళ్లిపోయిన చాలును” అను మాట మన యిండ్లలో పెద్దలనోట తరచుగ వినబడుచుండును. వినువారును దానిని సద్గుణముగనే భావింతురు. జ్వరము వచ్చినను చెప్పక లేచి పనులు చేసికొనుట, మోకాళ్లు పట్టినను “ఏమియు లేదు” అనుట, దూరముననున్న బిడ్డలు ఫోనుచేసినపుడు గొంతు సవరించుకొని మాటలాడుట, ఇవి యన్నియు ప్రేమకు గుర్తులని మనము నమ్మియున్నాము. నేనును నమ్మితిని. గత వేసవి చివర హిమాలయములలో నొక గుడారమున గడపిన రాత్రి ఆ నమ్మకమును కదలించినది. అప్పటినుండి నన్ను విడువని యీ ప్రశ్నను పాఠకుల యెదుట నుంచుచున్నాను.

మృగశిరకార్తె ప్రవేశించిన దినములలో, ఇరువదియేడేండ్ల నా కుమార్తెతో కలిసి నేను బదరీనాథమునుండి సతోపంథ సరస్సునకు బయలుదేరితిని. నా వయస్సు అరువదియొకటి. 4,400 మీటర్లు దాటిన యెత్తున ముక్కోణాకారముగ నుండు ఆ సరస్సును చూడవలెనని చిరకాలమునుండి నా కోరిక. ఆ ప్రాంతపు హిమానీనదములనుండియే అలకనంద పుట్టుచున్నది. పాండవులు మహాప్రస్థానమున నడచిన దారి యిదియేయని అక్కడివారి విశ్వాసము. అనుమతిపత్రములు తీసికొని, మాణా గ్రామస్థు నొకనిని మార్గదర్శిగను, మరి యిద్దరిని గుడారములు మోయుటకును కుదుర్చుకొంటిమి.

బదరికి సుమారు మూడు కిలోమీటర్ల దూరమున మాతామూర్తి ఆలయము కలదు. ఆమె నరనారాయణుల తల్లి. ఏటేట భాద్రపదమున వామనద్వాదశినాడు బదరినుండి ఉద్ధవమూర్తిని ఉత్సవముగ అచ్చటికి తీసికొనివత్తురు. అది కుమారుడు తల్లిని చూడవచ్చు పండుగ. ఈ సంగతి మార్గదర్శి చెప్పగా మా అమ్మాయి నవ్వి, “నాన్నగారూ, నారాయణుడంతటివాడే ఏడాదికొకమారు వచ్చుచున్నాడు. నేను పూనానుండి రెండుమారులు వచ్చుచున్నాను గదా!” అనెను. ఆ మాటకు నేనును నవ్వితిని. నా తలలో నొప్పి అప్పటికే ఆరంభమైనది.

మధ్యాహ్నము దాటినపిదప లక్ష్మీవనము చేరితిమి. భూర్జవృక్షములు అక్కడక్కడ గుంపులుగ నున్నవి. వచ్చినదారిలో నదికి ఆవలి యొడ్డున వసుధార జలపాతము గాలికి చెదరి పొగవలె కనిపించినది. ఆ సౌందర్యమును వర్ణించుటకు నాకు శక్తిలేదు. నిజమునకు ఆనాడు చూచుటకును శక్తి లేకుండెను. కడుపులో వికారము, అడుగు తీసి అడుగు వేయుటకు ఆయాసము. 4,000 మీటర్ల యెత్తున గాలియొత్తిడి సముద్రతీరమున నుండు దానిలో అయిదింట మూడువంతులు మాత్రమే. 2,500 మీటర్లు దాటినప్పటినుండియే కొందరికి తలనొప్పి, వికారము, నిద్రలేమి కలుగును. అప్పుడు ఆగినను, క్రిందికి దిగినను చాలవరకు తగ్గిపోవును. లక్ష్యపెట్టక ఇంకను పైకెక్కినచో ఊపిరితిత్తులలోనో మెదడులోనో నీరుచేరి ప్రాణాపాయము కలుగవచ్చును. బయలుదేరుటకు ముందు దీనినంతయు పుస్తకమునుండి మా అమ్మాయికి చదివి వినిపించినవాడను నేనే.

సాయంకాలము మార్గదర్శి వ్రేలికి తగిలించు చిన్న పరికరముతో అందరి రక్తములోని ప్రాణవాయువును చూచెను. నాకు 76 అని చూపినది. “చేతులు చల్లబడినవి, యంత్రము తప్పు చెప్పుచున్నది” అంటిని. చేతులు చల్లబడినపుడు ఆ పరికరము తప్పు చూపుట నిజమే. అందువలన నా మాట అబద్ధమని ఎవరును అనజాలరు. నాకు మాత్రము తెలియును. రాత్రి రెండుమారులు గుడారము వెలుపలికిపోయి, చప్పుడు వినబడకుండ వాంతిచేసికొని వచ్చితిని. ఉదయమున అమ్మాయి “నిద్రపట్టినదా?” అని అడుగగా “బాగుగ పట్టినది” అని చెప్పితిని.

మహాప్రస్థానమున ద్రౌపది మొదలుకొని ఒక్కొక్కరే పడిపోవుచుండగా ధర్మరాజు వెనుకకు చూడక నడచెనని భారతము చెప్పుచున్నది. ఆ ప్రయాణము తిరిగివచ్చుటకు గాదు. మాది తిరిగివచ్చుటకే, కాబట్టి ప్రతి మలుపున మా అమ్మాయి వెనుదిరిగి చూచుచుండెను. రెండుగంటలు నడచినపిదప రాళ్లగుట్టపై నా కాలు తడబడినది. ఆమె వచ్చి నా యెదుట కూర్చుండి, నా ముఖమును చూచుచు ఒక్కమాట అడిగెను: “తాతగారి పదునొకండు దినముల సంగతి మీ నోటనే ఎన్నిమారులో వింటిని. నాకు ఎన్ని దినములు ఇయ్యదలచినారు?”

ఈ మాట పాఠకులకు అర్థమగుటకు కొంత చెప్పవలసియున్నది. 1986లో నేను ఓరుగల్లున చదువుచుండగా మా తండ్రిగారు తెనాలినుండి వారమునకొక కార్డు వ్రాయుచుండిరి. ప్రతి కార్డునను “ఇచ్చట అందరము క్షేమము” అనియే యుండెను. వారికి ఉదరమున వ్రణము పెరుగుచుండెను. నా పరీక్షలు చెడునని తల్లిగారిచే ఒట్టు వేయించుకొని నాకు తెలియనీయలేదు. పరీక్షలు ముగిసి నేను ఇల్లు చేరినపిదప వారు పదునొకండు దినములు జీవించిరి. ఆ త్యాగమును మా పిల్లలకు నేను ఎన్నియో పర్యాయములు గొప్పగ చెప్పియుంటిని. చెప్పునపుడెల్ల నా గొంతు పూడుకొనిపోవుట గర్వముచేత గాదని అమ్మాయి కనిపెట్టినది, నేను కనిపెట్టలేదు.

శంతనుని కథను ఈ సందర్భమున మరల తలచుకొంటిని. దాశరాజు పెట్టిన నియమమునకు ఒప్పుకొన్నచో దేవవ్రతునకు అన్యాయమగునని శంతనుడు తిరిగివచ్చెను. అది కొడుకుపై ప్రేమయే. కాని కొడుకు “ఏల చింతించుచున్నారు?” అని అడిగినపుడు, ఒక్కడే కుమారుడుండుట చాలదను ధోరణిలో ఏదియో చెప్పెను. అది అబద్ధము గాదు, నిజమును గాదు; నా చల్లబడిన చేతుల మాటవంటిదే. దేవవ్రతుడు వృద్ధమంత్రివలన సంగతి తెలిసికొని, తండ్రి స్వప్నమునందైనను కోరని దానిని ఇచ్చివేసెను. ఒక జీవితమంతయు దానికి మూల్యమైనది.

యయాతిని లోకము నిందించును. కొడుకుల యౌవనమును అడిగిన తండ్రియని, మనము అట్లు కారాదని చెప్పుకొందురు. నిందింపదగినవాడే. అయినను ఒక సంగతి గమనింపదగియున్నది. అతడు ఎదుట నిలిచి అడిగెను. కావున నలుగురు కుమారులు “ఇయ్యము” అనగలిగిరి. శాపములు పొందిరి గాని, అనగలిగిరి. అడుగక దాచిన తండ్రి యెదుట బిడ్డకు ఆ స్వాతంత్ర్యమును లేదు. ఇచ్చుటకును వీలులేదు, మానుటకును వీలులేదు. పిల్లలకు భారము కారాదని తలచినవారు, ఎన్నటికిని దింపుకొనజాలని భారమును వారిపై నుంచి పోవుచున్నారు. తెలిసియుండిన సేవ చేసియుందునను వేదన ముప్పదితొమ్మిదేండ్లకును నా భుజములు దిగలేదు.

గీతలో వాఙ్మయతపస్సును చెప్పునపుడు, ఇతరులను కలతపెట్టని మాటను భగవానుడు ప్రశంసించెను గదా, దాచుట అందుకే గదా యని కొందరనవచ్చును. కాని అచ్చటనే సత్యమును, ప్రియమును, హితమును గూడ చెప్పబడినవి. కలతపెట్టకుండ నిజము చెప్పుమనుటయే గాని, కలతపెట్టకుండుటకై నిజమును విడువుమని గాదు. ఇక తితిక్ష మాట. విలపింపక బాధను సహించుట తితిక్ష యని పెద్దలు చెప్పుదురు. “తల నొప్పిగ నున్నది” అని చెప్పుట విలపించుట గాదు. నేను సహించితిని, నిజమే. ఆ సహనములో సగము అభిమానమని ఒప్పుకొనక తప్పదు. బిడ్డ యెదుట బలహీనుడనుగ కనబడుట నాకు ఇష్టము లేకుండెను. దానికన్న లోతైన దోషము మరియొకటి కలదు. ఆమె నా యెదుట ఇంకను ఆరేండ్ల పిల్లయే. కష్టము వినిన తాళలేదని నేను నిర్ణయించితిని. పదునారేండ్లు దాటిన బిడ్డను మిత్రునివలె చూడవలెనని మనవారు చెప్పిరి. మిత్రుని యెదుట మనము అట్లు నటింతుమా?

ఆ రాళ్లగుట్టపై అంతయు చెప్పితిని. ఆమె కోపింపలేదు. మార్గదర్శితో రెండు మాటలాడి, నా భుజముపైనున్న సంచిని తీసికొనుటకు చేయి చాచెను. దానిని ఇచ్చుటకు పర్వతమెక్కుటకన్న ఎక్కువ ప్రయాసము పట్టినది. సతోపంథమును చూడకయే దిగితిమి. బదరికి చేరునప్పటికి చీకటిపడినది. తప్తకుండమునుండి ఆవిరి లేచుచుండెను. నా తలనొప్పి చాలవరకు తగ్గినది.

వేడిపాలు తెచ్చియిచ్చి, “ఇంకేమైన దాచినారా?” అని ఆమె అడిగెను. ఇంటిలో నా బల్లసొరుగున వేసవికి ముందు చేయించుకొన్న గుండెపరీక్ష కాగితములున్నవనియు, మరల రమ్మని వైద్యుడు చెప్పినను పోలేదనియు చెప్పితిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత ఫోను చేతిలోనికి తీసికొని, ఆ వైద్యుని పేరేమని అడిగెను.