తాత చేతి కలశము

వార్ధక్యమున నున్నవారికి చేయూత నిచ్చుట ధర్మమని అందరును అంగీకరింతురు. ఆ చేయూత ఎట్టిదై యుండవలె ననునదియే విచారింపదగిన ప్రశ్న.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు కర్ణాటక సరిహద్దునకు చేరువలో నున్నవి. ఇచ్చటి యువకులు పలువురు జీవనోపాధికై బెంగుళూరు చేరుదురు. ఊరిలోని ఇంట తల్లిదండ్రులు మిగులుదురు. కుమారుడు నెలనెలా ధనము పంపును. మందులు కొనుమని చెప్పును. అంతటితో పితృఋణము తీరినదా? మరియొక ఇంట కుమారుడు చెంతనే యుండును. "నాయనా, నీకు వయసు మీరినది, ఏ పనియు ముట్టవద్దు, ఒకచోట కూర్చుండుము" అని ప్రేమతోనే పలుకును. అది సేవయేనా?

ఈ రెండు ప్రశ్నలకును తిరుమల క్షేత్ర సంప్రదాయము ఒకే కథలో సమాధానము చెప్పుచున్నది.

భగవద్రామానుజులకు మేనమామయు, వారికి శ్రీమద్రామాయణార్థముల నుపదేశించిన ఆచార్యుడును అగు తిరుమలనంబి, శ్రీవారి అభిషేకమునకై పాపవినాశ తీర్థమునుండి ప్రతిదినము జలము తెచ్చెడివాడు. వయసు పైబడినను ఆ కైంకర్యమును మానలేదు. ఒకనాడు త్రోవలో ఒక వేటగాడు "తాతా, దాహము" అని యడిగెను. స్వామికై తెచ్చు జలము ఇయ్యరాదని నంబి ముందుకు సాగగా, వేటగాడు బాణముతో కుండకు రంధ్రము చేసి ఆ నీరు త్రాగెను. నంబి మిగుల దుఃఖించెను. అంతట నాతడు కొండపై బాణము వేసి ఆకాశగంగను వెలువరించి, ఇకమీదట ఈ జలమునే తెమ్మని పలికి అదృశ్యుడయ్యెను. వచ్చినవాడు శ్రీనివాసుడేయని పెద్దలు చెప్పుదురు. తిరుమలలో జరుగు తన్నీరముదు ఉత్సవము నేటికిని ఈ ఘట్టమును స్మరింపజేయుచున్నది.

స్వామి చేసినదేమి? వృద్ధుడవైతివి, ఇక నీ సేవ చాలునని కలశమును లాగికొనలేదు. పాతత్రోవలోనే శ్రమపడుమని విడిచిపెట్టనులేదు. త్రోవను తగ్గించెను, కైంకర్యమును నిలిపెను. వృద్ధసేవకు సూత్రము ఇదియే.

ఇంటిలో ఈ సూత్రము చిన్నచిన్న పనులలో రూపు దాల్చును. స్నానపుగది నేల తడి లేకుండ నుంచుట, పట్టుకొనుటకు గోడకు కమ్మి బిగించుట, రాత్రివేళ నడచు దారిలో దీపము వెలుగుట, త్రాగునీరు చేతికందు చోట నుండుట, ఇవి వృద్ధుల పాలిటి ఆకాశగంగలు. ముదిమిలో ఎముకలు పెళుసెక్కును. ఒక్కమారు జారిపడి తుంటి విరిగినచో మరల నడచుట కష్టము కావచ్చును. అట్లే తులసికి నీరు పోయుట, పూమాల కట్టుట, మనుమలకు కథలు చెప్పుట వంటి చేయగల పనులను వారి చేతినుండి తీసివేయరాదు. పని మానిన దేహము సడలును. అక్కర తీరినదన్న తలపుతో మనస్సు క్రుంగును.

మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమున 1915లో డెన్మార్కు దేశీయుడగు డాక్టరు ఫ్రిమాట్ మోలర్ నాయకత్వమున క్షయ చికిత్సాలయము వెలసినది. క్షయను నయముచేయు మందు లేని ఆ కాలమున విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, మంచి గాలి, ఓర్పుగల పరిచర్యయే చికిత్స. మందులు వచ్చిన పిమ్మట మద్రాసులో జరిగి 1959లో వెలువడిన పరిశోధన, ఇంటివద్ద మందు పుచ్చుకొన్న క్షయరోగులు చికిత్సాలయములో నున్నవారితో ఇంచుమించు సమానముగ కోలుకొనిరని తెల్పినది. అచ్చట మందును క్రమముగ అందించి, ఇంటికి వచ్చి విచారించువారుండిరి. రక్తపోటు, మధుమేహము గల వృద్ధుల విషయమునను ఇది గమనింపదగినది. మందు కొని పంపుట సగము పని. వేళకు పుచ్చుకొన్నారా యని అడుగుట తక్కిన సగము.

ప్రభుత్వమును కొంత తోడ్పడుచున్నది. ఆంధ్రప్రదేశమున అర్హులగు వృద్ధుల పింఛను 2024లో నెలకు 4,000 రూపాయలైనది. అదే సంవత్సరము, 70 ఏండ్లు నిండిన వారందరికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స కల్పించు ఆయుష్మాన్ పథకము విస్తరింపబడినది. పోషింపని సంతానముపై తల్లిదండ్రులు రెవెన్యూ డివిజను స్థాయి ట్రిబ్యునలు నాశ్రయించుటకు 2007 నాటి చట్టము వీలు కల్పించినది. చూచుకొందురను షరతుతో వ్రాసియిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినచో, రద్దుచేయించుకొను మార్గమును అందు కలదు. ఇవి వృద్ధుల హక్కులు. వాటిని పొందుటకు వారు సిగ్గుపడ నక్కరలేదు. వారి పింఛనుపై ఇతరులు చేయి వేయనురాదు.

పరిచర్య భారమంతయు ఇంటి కోడలిపైననే మోపుటయు ధర్మము కాదు. దూరమున నున్న కుమారుడు నెలకు కొన్ని దినములైనను వచ్చి, తండ్రి మందులను తానే చూచుకొని, ఆమెకు విశ్రాంతి నియ్యవలెను. ధనము పంపుటచే తీరని ఋణము అట్టి సేవచే కొంతయైనను తీరును.

ఏడుకొండలకు బయలుదేరు యాత్రికుడు మూట కట్టుకొనుటకు ముందు, ఇంటనున్న పెద్దల త్రోవను ఎంత తగ్గించితిని, వారి కలశమును వారి చేతనే ఉండనిచ్చితినా యని తన్ను తాను ప్రశ్నించుకొనుట మేలు. వేటగాని వేషమున వచ్చి వృద్ధభక్తుని "తాతా" యని పిలిచిన స్వామి, ఇంటి పెద్దలను ఆదరించి వచ్చిన భక్తుని తప్పక అనుగ్రహించును.